విత్తనం వలిచిన వేసవి

మా నాన్నగారికి 1982 వేసవిలో పదోన్నతి మీద అనంతపురానికి బదిలీ అయింది. తపాలా శాఖ ఉద్యోగం కాబట్టి బదిలీలు మాకు కొత్త కావు. కాని అంతవరకు జరిగినవన్నీ అమలాపురం, కొత్తపేట, రావులపాలెం లాంటి గోదావరి పాయల నడుమ ఊళ్లకే జరిగాయి. సామాను ఎడ్లబండి మీదో లారీ మీదో పొద్దున్నే బయలుదేరితే సాయంత్రానికి సర్దుకోవడం కూడా అయిపోయేది. అనంతపురం అనేసరికి చుట్టాలందరూ వరసగా పరామర్శకు వచ్చినట్టు వచ్చారు. కోనసీమలో మా వాళ్లకు రాయలసీమ గురించి తెలిసినవి రెండే మాటలు: కరువు, కక్షలు. ఆ రెండింటినీ మనసులో పెట్టుకునే మేము బయలుదేరాము. అప్పటికి నాకు పన్నెండేళ్లు, తమ్ముడికి ఎనిమిది.

రాజమండ్రిలో రైలెక్కి, విజయవాడలో దిగి, గుంతకల్లు వెళ్లే మీటరు గేజి బండి పట్టుకున్నాము. గిద్దలూరు దాటాక నల్లమల అడవి, సొరంగం వచ్చేదాకా కిటికీ కోసం మేమిద్దరం పోట్లాడుకుంటూనే ఉన్నాము. నంద్యాల దాటిన తర్వాత నల్లరేగడి భూములు, ఆ పైన ఎర్రమట్టి, గుండ్రాళ్ల గుట్టలు వచ్చాయి. అమ్మ మాటలు అక్కడే తగ్గిపోయాయి. పచ్చదనం మధ్య పుట్టి పెరిగిన మనిషికి అంత దూరం వరకు చూపు ఆగకుండా సాగిపోవడం భయంగానే ఉండి ఉంటుంది. గుంతకల్లులో దిగి బస్సులో అనంతపురం చేరేసరికి సాయంత్రమైంది. బస్టాండులో దిగగానే మమ్మల్ని పలకరించింది గాలి.

ఆ గాలి గురించి కొంచెం చెప్పాలి. జూన్, జూలై నెలల్లో అనంతపురంలో వీచే పడమటి గాలిని చూడని వారికి అది వర్ణనకు అందదు. తలుపులు కొట్టుకుంటాయి, మిద్దె మీద ఆరేసిన బట్టలు వీధి చివర దొరుకుతాయి, మేఘాలు నల్లగా కమ్ముకుని వచ్చి ఒక్క చుక్క రాల్చకుండా తూర్పుకు పరుగెత్తిపోతాయి. నైరుతి రుతుపవనాల తేమంతా పడమటి కనుమల అవతలే కురిసిపోతుంది, తిరిగి ఈశాన్య రుతుపవనాలు వచ్చేసరికి అవి తీరంలోనే బలమంతా ఖర్చు చేసుకుని వస్తాయి. రెండింటి మధ్యా ఈ జిల్లా ఎండుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన అంటే మా కోనసీమలో పడేదానిలో సగం కూడా కాదు. దేశంలో జైసల్మేరు తర్వాత ఇంత తక్కువ వాన పడే జిల్లా ఇదేనని అక్కడ ప్రతివారూ చెబుతారు. నాన్నగారు ఈ లెక్కలన్నీ వచ్చిన కొద్ది రోజులకే తెలుసుకుని మాకు చెప్పారు. కొత్త ఊరును ఆయన ఎప్పుడూ అట్లా లెక్కలతోనే పరిచయం చేసుకునేవారు. ఊరి నడుమ ఉన్న గడియారం స్తంభానికి ఎనిమిది ముఖాలు, పదిహేను అడుగుల వెడల్పు, నలభై ఏడు అడుగుల ఎత్తు ఎందుకు పెట్టారంటే 1947 ఆగస్టు 15కి గుర్తుగా పెట్టారని ఊళ్లో చెప్పే మాట కూడా ఆయన మొదటి ఆదివారమే మాకు చూపించి చెప్పారు.

పాతూరులో మాకు అద్దె ఇల్లు దొరికింది. పెంకుటిల్లు కాదు, మిద్దె. కింద తాడిపత్రి బండలు పరిచి ఉండేవి. మధ్యాహ్నం ఎంత ఎండ కాసినా ఆ బండల మీద చాప లేకుండా పడుకుంటే వీపుకు చల్లగా తగిలేది. రాత్రి అందరి పడకలూ మిద్దె మీదే. ఒక మిద్దె మీది మాట మరో మిద్దె మీదికి వినిపించేది, ఒకరి రేడియో వీధంతటికీ సరిపోయేది.

మేము సామాను దించుతుండగానే పక్కింటి జేజి, మా వైపు మాటలో మామ్మగారు, రెండు బిందెల నీళ్లు పంపింది. ఎవరు పంపారో, ఎందుకు పంపారో అమ్మకు అప్పుడు తెలియలేదు. కొళాయి రోజూ రాదని, వచ్చినప్పుడు తెల్లవారుజామున గంటో గంటన్నరో మాత్రమే వస్తుందని, ఆ వేళకు వీధి మొదట్లో బిందెలు వరసలో ఉండాలని, ఎవరైనా జ్వరంతోనో బాలింత అయ్యో లేవలేకపోతే వాళ్ల బిందెలు పక్కవాళ్లు నింపి గుమ్మంలో పెట్టాలని మాకు తర్వాత తెలిసింది. ఈ కట్టడి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, కాని దాన్ని తప్పిన ఇల్లు ఆ వీధిలో లేదు. పొద్దున్నే వాకిలంతా నీళ్లు చల్లి ముగ్గు పెట్టే అలవాటున్న అమ్మకు జేజియే దగ్గరుండి ఒక్క చెంబుతో వాకిలి ఎట్లా తడపాలో చూపించింది. వేళ్లు కొద్దిగా విడదీసి, నడుం వంచి, నేలకు జానెడు ఎత్తు నుంచి చిలకరించేది. దుమ్ము అణిగేది, నీళ్లు మిగిలేవి.

మొదటి ఏడాదంతా ఆ వీధి మమ్మల్ని చుట్టాల్లాగే చూసుకుంది. రాగిసంగటి ముద్ద, ఊరిబిండి అనే శెనక్కాయల పచ్చడి ఒక ఇంటి నుంచి వచ్చేవి, ఉగాదికి ఓళిగలు మరో ఇంటి నుంచి వచ్చేవి. చెంచలాకు పప్పు రుచి నాకు అక్కడే తెలిసింది. ఆదివారం పొద్దున్నే ఎదురింటి అక్క బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయలు తిరగవాతలో వేసి, పైన పప్పుల పొడి చల్లి ఉగ్గాని చేసేది. పక్కన మిరపకాయ బజ్జీలు ఉంటేనే ఉగ్గాని పూర్తయినట్టు. మా తమ్ముడు ఆ వాసన వచ్చీ రాకముందే వాళ్ల గడపలో ఉండేవాడు. ఇక్కడి వాళ్ల పెట్టుబుద్ధి గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. ఆకలిని ఎరిగిన నేలలో మనిషి రాగానే "తిన్నారా?" అని అడగడం మర్యాదకు అడిగే ప్రశ్న కాదు, జవాబు వినడానికే అడుగుతారు.

అయినా అమ్మ ఆ ఏడాది సంతోషంగా లేదు. అందుకు కారణం ఊరు నచ్చకపోవడం కాదు. అందరి దగ్గరా పుచ్చుకోవడమే గాని తిరిగి పెట్టడానికి తన చేతిలో ఏమీ లేని ఇల్లుగా మిగిలిపోయామని ఆమె బాధ. సంక్రాంతికి మేనమామ అంబాజీపేట నుంచి ఒక బస్తా కొబ్బరికాయలు రైల్వే పార్సిల్లో పంపితే, ఆమె వాటిని రెండు రోజుల్లో వీధంతా పంచేసింది. తెల్లవారి చూస్తే ప్రతి ఇంటి నుంచీ గిన్నెలు తిరిగి వచ్చాయి, ఒక్కటీ ఖాళీగా రాలేదు. ఒకదానిలో శెనక్కాయలు, ఒకదానిలో కందులు, ఒకదానిలో బెల్లం అచ్చు. అమ్మ ఆ గిన్నెలన్నీ వంటింట్లో వరసగా పెట్టుకుని చాలాసేపు వాటినే చూస్తూ కూర్చుంది.

మార్పు మరుసటి వేసవిలో వచ్చింది. మే నెలాఖరున ఆ జిల్లాలో ఏ వీధికి వెళ్లినా అరుగుల మీద ఒకే పని కనిపించేది, విత్తనానికి శెనక్కాయలు వలవడం. ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో వాన పడి నేలకు పదును దొరకగానే గొర్రుతో విత్తనం వేయాలి. పదును రెండు మూడు రోజులకు మించి ఆగదు కాబట్టి గింజ ముందే సిద్ధంగా ఉండాలి. మరలో వేసి కొట్టిస్తే గింజ పగులుతుంది, పైపొర లేచిపోతుంది. పొర లేచిన గింజ మొలవదు. అందుకని విత్తనం మాత్రం చేత్తోనే వలిచేవారు. జేజి వాళ్లకు నార్పల వైపు పల్లెలో మెట్టభూమి ఉండేది. ఒక మధ్యాహ్నం ఆమె మా గుమ్మంలోకి వచ్చి నిలబడి, "ఏమ్మా, లోపల ఒక్కదానివే ఏం చేస్తాండావు? రా, జగిలి మీద కూచో. ఇంగా నాలుగు మూటలుండాయి, చేతులు చాలడం లేదు," అని పిలిచింది.

అమ్మ వంటింట్లో పని అక్కడే వదిలేసి వెళ్లింది. ఆమె అంత త్వరగా గడప దాటడం నేను ఆ ఊళ్లో అదే మొదటిసారి చూశాను.

ఆ పని ఇప్పటికీ నా వేళ్లకు గుర్తుంది. కాయలను గోనెపట్టా మీద పోసి కొద్దిగా నీళ్లు చిలకరించి, పైన మరో పట్టా కప్పి కాసేపు ఉంచేవారు. పెంకు మెత్తబడ్డాక కాయ కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి అదిమితే చిన్న చప్పుడుతో నోరు తెరిచేది. లోపల రెండు గింజలు గులాబీ రంగు పొరతో కదలకుండా ఉండేవి. అప్పట్లో అక్కడ ఎక్కువగా వేసేది టి.ఎం.వి.–2 రకం, చిన్న కాయ, రెండు గింజలు. ఆ గింజలను గోరు తగలకుండా చేటలోకి జార్చాలి. తొందరపడితే పొర చిట్లుతుంది. చిట్లిన గింజను వేరే గిన్నెలో వేసేవారు, అది నూనెకో ఊరిబిండికో పోయేది. మాలాంటి పిల్లలు దొంగతనంగా తింటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. కాని మంచి గింజ తింటే మాత్రం జేజి చెయ్యి పట్టుకుని, "పగిలింది తిను బిడ్డా, ఇది భూమికి పోవల్ల," అనేది. సాయంత్రానికి వేళ్ల చివర్లు ఎర్రబడి మండేవి. అమ్మ ఆ మంటకు రాత్రి కొబ్బరినూనె రాసుకుంటూ, మర్నాడు ఏ మూట విప్పుతారో మాతో చెప్పేది. కూలికి వచ్చిన ఆడవాళ్లకు కొలత లెక్కన డబ్బులిచ్చేవారు. అమ్మకు ఇవ్వబోలేదు, ఆమె కూడా అట్లాంటి మాట రానివ్వలేదు. ఆ అరుగు మీదే అమ్మకు ఊరి సంగతులన్నీ తెలిశాయి: ఏ ఇంటి పిల్లను ధర్మవరం ఇచ్చారో, ఎవరికి ఎవరితో మాటలు లేవో, ఏ డాక్టరు చెయ్యి మంచిదో. అప్పటిదాకా "మామ్మగారూ" అని పిలుస్తున్న అమ్మ, వాళ్లింట్లో పిల్లలందరి మాదిరిగానే "జేజీ" అని పిలవడం ఆ వేసవిలోనే మొదలుపెట్టింది.

నేను చెప్పదలచుకున్నది ఈ సంగతే. కొత్త చోట మనకు ఎంత పెట్టినా, ఎంత ఆదరించినా మనం చుట్టాలమే. మాకు చేతులు చాలడం లేదు, నువ్వు రా అని వాళ్లు పిలిచిన రోజునే ఆ వీధిలో మా పేరు మిగతావాళ్ల పేర్లతో కలిసిపోయింది.

నాన్నగారికి ఆ పిలుపు మరో రూపంలో వచ్చింది. ఆ ఏడు విత్తనం సిద్ధంగా ఉంది గాని వాన లేదు. జూలై నడిమికి వచ్చినా మేఘాలు వస్తున్నాయి, పోతున్నాయి. తెలుగు పల్లెల్లో వాన కోసం విరాటపర్వం చదివించే ఆచారం ఉన్నదని అందరికీ తెలిసిందే. జేజి పెద్ద కొడుకు ఒక సాయంత్రం వచ్చి, "సార్, మీరు పద్యం బాగా చదువుతారంట గదా. మా ఊర్లో వానకోసరం విరాటపర్వం పెట్టినాము. ఎప్పుడూ చదివే ఆయప్ప మంచాన పడినాడు. మీరు రావల్ల," అన్నాడు. నాన్నగారు చిన్నప్పుడు తాతగారి దగ్గర పద్యం చదవడం నేర్చుకున్న మాట నిజమే. ఇంట్లో స్నానం చేసేటప్పుడు తప్ప ఆ విద్య ఎవరి ముందూ ఆయన వినిపించినది లేదు. ఆ వారం ఆయన ఆఫీసు కాగానే బస్సెక్కి నార్పల వైపు వెళ్లి, రాత్రి అక్కడే ఉండి, తెల్లవారుజామున తిరిగి వచ్చేవారు. శనివారం మమ్మల్ని కూడా తీసుకెళ్లారు. రామాలయం ముందు బండల మీద గొంగళ్లు కప్పుకుని ఊరంతా కూర్చుంది. నాన్నగారు పద్యం చదివితే, ఊరి పెద్దాయన ఒకరు తమ మాటల్లో అర్థం చెప్పేవారు. ఉత్తర గోగ్రహణం ఘట్టానికి వచ్చేసరికి ముందు వరసలో కూర్చున్న ఒక ముసలి రైతు, అక్షరం ముక్క రాని మనిషి, నాన్నగారు ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోట పద్యం అందుకుని చివరిదాకా చెప్పాడు. నాన్నగారు పుస్తకం మూసి ఆయనకు నమస్కారం చేశారు. ఇన్నేళ్లలో నాన్నగారి ముఖంలో నేను చూసిన గౌరవభావాల్లో అంత నిండైనది మరొకటి లేదు.

వాన ఆ రాత్రి రాలేదు. మరో రెండు వారాలకు, విత్తనానికి సరిపడా మాత్రం పడింది. చదివినందువల్ల వచ్చిందని గాని, చదివినా ఆలస్యమైందని గాని ఎవరూ అనలేదు. ఆ తర్వాత నాన్నగారు ఏ పల్లెకు ఆఫీసు పని మీద వెళ్లినా, ఆయనను "పద్యం సారు" అని పిలిచేవారు.

ఆ ఏడే మొహర్రం నెలలో మా వీధి మూలింటి భాయి కుటుంబంతోనూ జేజి కుటుంబంతోనూ కలిసి గూగూడు వెళ్లాము. కుళ్లాయిస్వామి పీరును మొక్కుకోని ఇల్లు ఆ జిల్లాలో అరుదు. హిందువులూ ముస్లిములూ అక్కడ ఒకే వరసలో నిలబడి చక్కెర చదివింపులు చేయిస్తారు, ఒకే అగ్నిగుండం తొక్కుతారు. కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ అన్న పేర్లు మా బడిలో తరగతికి ఒకటైనా ఎందుకుండేవో అక్కడికి వెళ్లాకే నాకు అర్థమైంది. భాయి తమ్ముడు కువైట్‌లో పనిచేసేవాడు. అతనికి ఉత్తరాలు రాసే పని అప్పటినుంచి నాన్నగారిది, వచ్చిన ఉత్తరాలు చదివే పని నాది.

నాన్నగారు తరచూ తలచుకునే మనిషి ఒకరున్నారు, చిలుకూరి నారాయణరావు గారు. కళింగాంధ్ర నుంచి వచ్చి అనంతపురం కళాశాలలో అధ్యాపకులుగా స్థిరపడిన పండితుడు ఆయన. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు వారికి వదులుకున్నప్పటి నుంచి అందరూ దీన్ని దత్తమండలాలు అనే పిలిచేవారు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అని గుర్తు చేసే ఆ పేరు వద్దని, రాయలసీమ అనాలని 1928లో నంద్యాలలో జరిగిన సభలో ప్రతిపాదించింది ఆయనే. పొరుగు నుంచి వచ్చిన వాడికి ఆ పేరులోని నొప్పి తెలిసిందంటే ఆయన ఈ ఊళ్లో ఎంత లోతుగా బతికి ఉండాలో ఆలోచించమని నాన్నగారు మాతో అనేవారు. ఆర్ట్స్ కాలేజీ ఎర్ర గోడల పక్కగా నడిచినప్పుడల్లా నాకు ఆ మాట జ్ఞాపకం వస్తుంది.

ఎనభైల నడిమి ఏళ్లలో కరువు వచ్చింది. అంతకు ముందు మేము చూసింది కరువు కాదని అప్పుడు తెలిసింది. శెనక్కాయ చెట్టు పూత పూసి, ఊడలు నేలలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది. ఊడ దిగని చెట్టుకు కాయ లేదు, మిగిలింది కట్టె మాత్రమే, అది కూడా పశువులకు ఒక నెల మేతకు చాలలేదు. జేజి కొడుకు ఎద్దులను అమ్మేసి బెంగుళూరులో కట్టడం పనికి వెళ్లాడు. వాకిట్లో ఎద్దుల గాడి ఖాళీగా ఉన్న ఆ రోజుల్లో జేజి మాట తగ్గించేసింది. నెల తిరగ్గానే జీతం వచ్చే ఇల్లు ఆ వీధిలో మాదీ మరొకటీ మాత్రమే. అమ్మ బియ్యం, పప్పు ఇవ్వడానికి వెళితే జేజి కొలిచి తీసుకుంది, కొలిచి తీసుకోవడమే ఆమె పెట్టిన షరతు. పంట వచ్చిన ఏడు ఆ కొలతకు తగ్గ శెనక్కాయలు మా ఇంటికి చేరాయి. అమ్మ వద్దనలేదు, వద్దంటే ఆమెను చిన్నబుచ్చినట్టవుతుందని అమ్మకు అప్పటికి బాగా తెలుసు.

నాన్నగారికి తర్వాత వేరే చోట్లకు బదిలీ అవకాశాలు వచ్చాయి. ఒకసారి రాజమండ్రికే వచ్చింది. ఆయన అమ్మను అడిగారు. పిల్లల చదువులు కానివ్వండి అని అమ్మ అన్నది. చదువులు అయిపోయాక ఆ ప్రస్తావన మళ్లీ రాలేదు. సత్యసాయి ట్రస్టు 1995లో చేపట్టిన తాగునీటి పథకంతో జిల్లాలో ఏడు వందలకు పైగా గ్రామాలకు నీళ్లు చేరాయి, జేజి వాళ్ల వైపు కూడా చెరువు నీళ్లు మోసే బాధ తగ్గింది. 1999లో తపాలా శాఖ ఆ పథకం మీద బిళ్ల విడుదల చేసినప్పుడు, అప్పటికే పదవీ విరమణ చేసిన నాన్నగారు తానే వరసలో నిలబడి ఆ బిళ్లలు కొని తెచ్చుకున్నారు.

విరమణకు ముందే ఆయన పాతూరుకు దగ్గరలోనే చిన్న స్థలం కొన్నారు. బోరు ఎక్కడ వేయాలో జేజి కొడుకు, భాయి కలిసి తేల్చారు, పునాదికి ముహూర్తం ఎదురింటి వాళ్లు పెట్టించారు. గృహప్రవేశానికి కోనసీమ నుంచి వచ్చిన చుట్టాలు తాము చేయడానికి ఏ పనీ మిగలలేదని కొంత నొచ్చుకున్నారు కూడా. వంట దగ్గర ఎదురింటి అక్క, నీళ్ల దగ్గర భాయి పిల్లలు, పాలు పొంగించే పొయ్యి దగ్గర జేజి ఉన్నారు. ఆ భోజనాల దగ్గరే మేనమామ, ఊళ్లో కొబ్బరితోట వాటా సంగతి ఏం చేస్తారని నాన్నగారిని అడిగాడు. ఆయన మరుసటి నెల వెళ్లి, ఆ వాటా చిన్నాన్న పేర రాసిచ్చి, డబ్బు తీసుకోకుండా తిరిగి వచ్చారు. ఆ తర్వాత ఎన్నిసార్లు కోనసీమకు వెళ్లినా చుట్టంగానే వెళ్లారు. వలుపు రోజులు వచ్చేసరికి మాత్రం ఎవరు ఎంత ఆపినా అక్కడ ఆగేవారు కాదు.